ఒకే ఇరుసుపై తిరిగే గాలపు చక్రం: సెంటర్ పిన్ రీలు అమరిక, సంరక్షణ

సెలవు దినాలలో ఎన్నూరు కాలువ గట్టున, ముట్టుకాడు ఉప్పుటేటి ఒడ్డున, అడయారు నది సముద్రంలో కలిసే చోట గాలం వేసేవారిని గమనిస్తే సాధారణంగా రెండు రకాల పరికరాలు కనబడతాయి. జీవనోపాధికై వచ్చినవారి చేతిలో చెక్కముక్కకో, ఖాళీ సీసాకో చుట్టిన నైలాన్ దారం ఉంటుంది. వినోదానికై వచ్చినవారి చేతిలో పళ్ళచక్రాలు, స్ప్రింగులు ఇమిడిన స్పిన్నింగ్ రీలు ఉంటుంది. ఈ రెంటి నడుమ అరుదైన మూడవ పరికరం ఒకటి ఉంది. చేతిదారంలోని సూటిదనమూ, చక్రంలోని సౌకర్యమూ రెండూ దానిలో ఉన్నాయి. అదే సెంటర్ పిన్ రీలు.

దీనిని సంపాదించడం కన్న నిలుపుకోవడం కష్టం. శ్రద్ధగా చూసుకుంటే తాత వాడినది మనుమడు కూడా వాడుకోవచ్చు. చెన్నై తీరపు ఉప్పుగాలికి వదిలివేస్తే మాత్రం ఒక్క వర్షాకాలం చాలు, ఇరుసు పట్టుకుపోతుంది. పాత రీళ్ళకు విడిభాగాలు మన ప్రాంతంలో సులభంగా దొరకవు. కనుక పాడైన తరువాత బాగుచేయించుకోవడం కంటే పాడుకాకుండా కాపాడుకోవడమే తెలివైన పని. అందుకు కావలసినవి ఖరీదైన సామగ్రి కాదు. మంచినీరు, మెత్తని గుడ్డ, ఒక బొట్టు నూనె, కొంచెం ఓపిక.

దీని నిర్మాణం

ఇంటిలోని తిరగలిని ఒకసారి గుర్తు చేసుకోండి. నడుమ ఒక గూటం, దాని చుట్టూ తిరిగే రాయి, అంచున ఒక పిడి. సెంటర్ పిన్ రీలు కూడా అంతే. వెనుక పలక మధ్యలో ఒక ఉక్కు ఇరుసు నిలిచి ఉంటుంది. ఆ ఇరుసుపై దారం చుట్టిన వెడల్పైన కండె తిరుగుతుంది. కండె ముఖాన రెండు చిన్న పిడులు ఉంటాయి. వెనుక పలకకు ఉన్న పాదాన్ని గాలపు కర్రకు బిగిస్తాము. కండె సాధారణంగా నాలుగు అంగుళాలు, అంటే సుమారు 10 సెంటీమీటర్ల వ్యాసం కలిగి ఉంటుంది.

దీనిలో వేగాన్ని పెంచే పళ్ళచక్రాలు లేవు. పిడి ఒకసారి తిప్పితే కండె ఒక్కసారే తిరుగుతుంది. చేప లాగినప్పుడు దానంతట అదే బిగుసుకునే డ్రాగ్ అనే ఏర్పాటు లేదు. కండె అంచుపై ఆనించిన బొటనవేలే డ్రాగ్. లోపల ఉండే ఒకే ఒక అదనపు భాగం 'చెక్' అనే చిన్న మీట. దానిని వేస్తే ఒక లోహపు నాలుక పళ్ళచక్రానికి తగిలి కిటకిటమని శబ్దం చేస్తుంది, కండె ఇష్టానుసారం తిరగకుండా ఆపుతుంది. తీసివేస్తే కండె స్వేచ్ఛగా తిరుగుతుంది.

ఇన్ని లేకపోవడమే దీని గొప్పతనం, అదే దీని బలహీనత కూడా. భారమంతా ఒక్క ఇరుసు మీదనే ఉన్నది కనుక ఆ ఇరుసు శుభ్రంగా ఉంటే రీలు బాగున్నట్లు, మలినమైతే రీలు చెడినట్లు.

కొంత చరిత్ర

ఈ రకపు రీలు పుట్టినిల్లు ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ పట్టణం. అది లేసు అల్లికకు ప్రసిద్ధి చెందిన ఊరు, పక్కనే ట్రెంట్ నది. నూలు కండెలతో నిత్యం మెలగిన ఊరిలో కొయ్యతో చేసిన తేలికైన గాలపు కండెలు వాడుకలోకి రావడంలో వింత లేదు. మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన మన నగరి, పుత్తూరు పాఠకులకు ఈ సంబంధం సులభంగానే బోధపడుతుంది. 19వ శతాబ్దం చివరికి కొయ్య స్థానంలో తేలికైన లోహపు కండెలు వచ్చాయి. రెడ్డిచ్ పట్టణపు ఆల్‌కాక్ సంస్థ తయారుచేసిన 'ఏరియల్' రీలు వాటిలో పేరెన్నిక గన్నది.

మన ప్రాంతంలో కూడా గాలపు వేటకు పాత చరిత్రే ఉంది. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే గ్రంథాన్ని, 1887లో చెరువులలో గాలం వేయడం గురించి 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' అనే గ్రంథాన్ని వెలువరించారు. కండె కదలకుండా దారం మాత్రమే జారిపోయే రీలుకు ఇంగ్లండులో ఇల్లింగ్‌వర్త్ పేటెంటు పొందినది 1905లో. నేటి స్పిన్నింగ్ రీలుకు మూలం అదే. ఆ తరువాత సెంటర్ పిన్ వెనుకబడింది కానీ అంతరించలేదు. ఇంగ్లండులోను, కెనడా నదులలోను దీనిని ఇష్టపడేవారు నేటికీ ఉన్నారు. బెంగాలులో చెరువుల ఒడ్డున రోహు, బొచ్చె చేపలకు వాడే 'హుయిల్' కూడా ఈ కుటుంబానికి చెందినదే.

మొదట పరీక్షించాలి

కొత్తదైనా, అటక మీద నుండి దించినదైనా, రీలును కర్రకు బిగించే ముందు మూడు పరీక్షలు చేయండి.

మొదటిది, తిరుగుడు పరీక్ష. దారం లేని కండెను నిలువుగా పట్టుకుని, చెక్ తీసివేసి, వేలితో ఒక్కసారి తట్టండి. ఎన్ని సెకండ్లు తిరిగినదో గడియారంలో చూసి ఒక పుస్తకంలో రాసుకోండి. బాల్ బేరింగులు ఉన్న రీళ్ళు చాలాసేపు తిరుగుతాయి, ఒట్టి ఇరుసు మీద తిరిగేవి అంతసేపు తిరగకపోవచ్చు. కనుక ఒకరి రీలుతో మరొకరి రీలును పోల్చడం వ్యర్థం. మీ రీలు నేటి లెక్కను వచ్చే నెల లెక్కతో పోల్చుకోవాలి. సంఖ్య తగ్గుతూ వస్తే లోపల మురికి చేరుతున్నదని అర్థం.

రెండవది, ఊగిసలాట పరీక్ష. కండెను రెండు వేళ్ళతో పట్టుకుని ముందుకూ వెనుకకూ మెల్లగా కదపండి. వెంట్రుకవాసి కదలిక ఉండటం అవసరమే. అసలు కదలిక లేకపోతే ఇరుసు బిగుసుకున్నట్లు. కండె పక్కకు వొరిగి వెనుక పలకను రాసుకుంటే ఇరుసో, దాని గొట్టమో అరిగినట్లు. కొన్ని రీళ్ళలో ఈ కదలికను సరిచేసే మర ఉంటుంది. దానిని ఒకేసారి కాక పావు చుట్టు చొప్పున తిప్పి చూడాలి.

మూడవది అన్నిటికన్న ముఖ్యమైనది. రీలును కర్రకు బిగించి, దారాన్ని వలయాల గుండా తీసి, దాని కొసకు ఒక రూపాయి నాణేన్ని అతికించి వేలాడదీయండి. నాణెం బరువు మూడు నాలుగు గ్రాములే. ఆ బరువుకు కండె తనంతట తాను కదిలితే ప్రవాహంలో బెండు కూడా దారాన్ని లాక్కుపోగలదు. కదలకపోతే ఎంతసేపు తిరిగే రీలైనా మనకు ప్రయోజనం లేదు. ఎక్కువసేపు తిరగడం కంటే తేలికగా బయలుదేరడమే దీనికి ప్రధానం.

కర్రకు బిగించడం

ఈ రీలుకు 11 నుండి 13 అడుగుల పొడవైన కర్ర అనుకూలం. రీలు కర్ర కింద వేలాడాలి. కర్ర పట్టుకున్న చేతి బొటనవేలో, చూపుడువేలో చాచకుండానే కండె అంచును తాకేటట్లు స్థానం చూసుకోవాలి. వేలు అందకపోతే డ్రాగ్ లేనట్లే కదా! కండె నుండి వెలువడే దారం వెనుక పలకనుగానీ, కర్రనుగానీ రాయకుండా నేరుగా మొదటి వలయంలోకి పోవాలి. దారం పై వైపు నుండి రావాలా, కింది వైపు నుండి రావాలా అన్నది మీరు తిప్పే చేతిని, రీలు తయారీని బట్టి ఉంటుంది. దారం చుట్టక ముందే దీనిని తేల్చుకోండి.

పాత రీళ్ళ పాదాలు కొన్ని నేటి కర్రల బిగింపులో ఇమడవు. అటువంటప్పుడు పాదాన్ని ఆకురాయితో అరగదీయవద్దు. కర్రనో, బిగింపునో మార్చుకోండి. అరగదీసిన పాదం మళ్ళీ రాదు.

దారం చుట్టడంలోని లెక్క

దారం ఎంత చుట్టాలి అన్న ప్రశ్నకు ఎనిమిదవ తరగతి గణితం సమాధానం చెబుతుంది. కండె అంచు దాకా దారం నిండినప్పుడు వ్యాసం 10 సెంటీమీటర్లు అనుకుంటే ఒక్క చుట్టుకు 31.4 సెంటీమీటర్ల దారం వస్తుంది. దారం తక్కువై వ్యాసం 7 సెంటీమీటర్లే ఉంటే చుట్టుకు 22 సెంటీమీటర్లు మాత్రమే. 30 మీటర్ల దూరంలోని బెండును వెనుకకు తేవాలంటే మొదటి సందర్భంలో సుమారు 96 చుట్లు, రెండవ సందర్భంలో సుమారు 136 చుట్లు తిప్పాలి. అంతేకాదు, తిరగలి పిడి అంచున ఉన్నందువల్లనే తక్కువ బలంతో రాయి తిరుగుతుంది. అదే విధంగా దారం అంచుకు దగ్గరగా ఉంటేనే స్వల్పమైన లాగుకు కండె కదులుతుంది.

అయితే పూర్తిగా నింపితే దారం అంచు దాటి జారి, ఇరుసులో చిక్కుకుంటుంది. కనుక అంచుకు మూడు మిల్లీమీటర్లు తక్కువగా ఆపాలి. బెండు వేటకు 100 మీటర్ల నైలాన్ దారం ధారాళం. మిగిలిన లోతును కింద పాత దారం చుట్టి పూడ్చుకోవచ్చు.

చుట్టేటప్పుడు కొత్త దారపు ఉండను ఒక పెన్సిలుకు తొడిగి మరొకరిని పట్టుకోమనండి. తడిగుడ్డ నడుమ నుండి దారాన్ని పోనిస్తూ, ఒకే చోట గుట్టపడకుండా, ఇటూ అటూ సమంగా చుట్టండి. మరీ బిగించి చుట్టవద్దు. నైలాన్ సాగే గుణం కలది. సాగిన దారం తిరిగి ముడుచుకోజూస్తూ కండెను లోపలికి నొక్కుతుంది. వందలాది చుట్ల ఒత్తిడి కలిస్తే పలుచని లోహపు కండె వంకరపోగలదు. పెద్ద చేపను లాగిన రోజున ఇంటికి వచ్చాక దారాన్ని విప్పి వదులుగా తిరిగి చుట్టుకోవాలని పెద్దలు చెప్పడంలోని కారణం ఇదే.

నీటి వద్ద

సెంటర్ పిన్ ప్రతిభ కనబడేది నడిచే నీటిలో. చెన్నై తీరంలో ఆటుపోట్ల ఎత్తు సుమారు ఒక మీటరు మాత్రమే. అయినా ముఖద్వారం తెరుచుకుని ఉన్న రోజులలో, పోటు తీసే వేళ ఉప్పుటేటి నీరు సముద్రం వైపు నెమ్మదిగా సాగుతుంది. చెక్ తీసివేసి బెండును ఆ నీటిలో విడిస్తే అది నడిచినంత వేగంతోనే కండె తిరుగుతుంది, ఎర సహజంగా కొట్టుకుపోతున్నట్లు చేపకు తోస్తుంది. బొటనవేలు అంచుకు తగిలీ తగలనట్లు ఉండాలి. బెండు మునిగిన క్షణాన వేలు ఆనిస్తే కండె ఆగుతుంది, గాలం గుచ్చుకుంటుంది. పండుగప్ప వంటి బలమైన చేప పరుగెత్తినప్పుడు వేలి ఒత్తిడిని పెంచుతూ తగ్గిస్తూ దానిని అలయనివ్వాలి. తిరిగే పిడులకు వేళ్ళు అడ్డుపెట్టరాదు, గట్టి దెబ్బ తగులుతుంది.

విసిరేటప్పుడు బెండు నీటిని తాకడానికి కొంచెం ముందే కండెను ఆపాలి. లేకుంటే బెండు ఆగినా కండె ఆగదు, దారం పిచ్చుకగూడు అవుతుంది. రీలును పక్కకు తిప్పి దారాన్ని జారవిడిచే పద్ధతి కూడా ఉంది. అది సులభమే కానీ ప్రతిసారీ దారానికి మెలిక ఎక్కుతుంది. మెలికలు పెరిగినప్పుడు గాలం, బెండు తీసివేసి ఒట్టి దారాన్ని ప్రవాహంలో కొంతసేపు వదిలితే అవి విడిపోతాయి. నడిచేటప్పుడు, కర్రను నేల మీద పెట్టేటప్పుడు చెక్ వేయడం మరువవద్దు. రీలును ఇసుకపై ఎన్నడూ ఉంచవద్దు.

ఉప్పు చేసే కీడు

సముద్రపు నీటి తుంపర ఎండిన తరువాత తెల్లని పొడిగా మిగులుతుంది. గుడ్డతో తుడిచి ఊరుకుంటే చాలదా అని చాలామంది అడుగుతారు. కార్తీకమాసపు ముసురులో వంటింటి కల్లుప్పు జాడీ ఎలా నీరుకారుతుందో తలుచుకుంటే సమాధానం దొరుకుతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఇరుసు మూలలో దాగిన ఉప్పు రేణువు ప్రతి రాత్రీ తడిసి, ప్రతి పగలూ ఎండుతూ, ఉక్కును తుప్పు పట్టిస్తుంది.

దీనికి తోడు మరొక చర్య జరుగుతుంది. రీలులో అల్యూమినియం కండె, ఉక్కు ఇరుసు, ఇత్తడి గొట్టం కలిసి ఉండవచ్చు. రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీటిలో ఒకదానికొకటి తగిలితే అది చిన్న విద్యుత్ ఘటమే. పాఠశాల ప్రయోగశాలలో జింకు పలక కరిగినట్లే ఇక్కడ అల్యూమినియం క్రమంగా కరుగుతుంది. మరల చుట్టూ కనబడే తెల్లని పొక్కులు దాని గుర్తు.

కడుగుట, ఆరబెట్టుట

ఇంటికి రాగానే, మరునాటికి వాయిదా వేయకుండా, కండెను ఇరుసు నుండి తీయండి. రెండు భాగాలను గోరువెచ్చని మంచినీటితో మెల్లగా కడగండి. కుళాయిని పూర్తిగా తిప్పి ధారతో కొట్టవద్దు, ఇసుక బేరింగులలోకి చొరబడుతుంది. నీటి విషయంలో కూడా జాగ్రత్త అవసరం. మీంజూరు వంటి ఉత్తర తీర ప్రాంతాలలో భూగర్భజలంలోకి సముద్రపు నీరు చొచ్చుకువచ్చింది. అటువంటి బోరునీటితో కడిగితే ఉప్పును ఉప్పుతో కడిగినట్లే. తాగే నీరో, పట్టి ఉంచిన వాననీరో వాడండి. ఎన్నూరు కాలువలో 2023 డిసెంబరు వరదల సమయంలో చమురు వ్యాపించిన సంగతి పాఠకులకు తెలిసినదే. దారానికి చమురు జిడ్డు అంటినప్పుడు ఒక చుక్క సబ్బునీటితో తుడిచి మళ్ళీ మంచినీటితో కడగాలి.

కడిగిన భాగాలను మెత్తని నూలుగుడ్డతో ఒత్తి, నీడలో గాలి తగిలే చోట రాత్రంతా ఆరనివ్వండి. ఎండలో పెట్టవద్దు, ఎండ నైలాన్ దారాన్ని పెళుసు చేస్తుంది. తడి రీలును తోలు సంచిలోనో, ప్లాస్టిక్ కవరులోనో మూసిపెట్టడం దానిని ఉప్పునీటి జాడీలో పెట్టడంతో సమానం.

ఏ నూనె, ఎంత?

మన ఇళ్ళలో కిర్రుమన్న ప్రతిదానికీ కొబ్బరినూనె వేసే అలవాటు ఉంది. రీలుకు అది పనికిరాదు. చల్లని ఉదయాలలో చిక్కబడుతుంది, కొంతకాలానికి జిగురుగా మారి ధూళిని పట్టుకుంటుంది. ఆముదం మరీ చిక్కన. కుట్టుమిషనుకు వాడే పలుచని ఖనిజ నూనె అన్ని విధాలా తగినది, అన్ని చోట్లా దొరుకుతుంది. పాత నూనెను గుడ్డతో పూర్తిగా తుడిచివేసిన తరువాత ఇరుసు మొదట ఒక బొట్టు, కొసన ఒక బొట్టు వేసి కండెను తొడిగి తిప్పండి. బేరింగుకు ఒక్క బొట్టు చాలు. ఎక్కువైతే కండె బరువుగా తిరుగుతుంది. చెక్ నాలుకకు, పళ్ళచక్రానికి మాత్రం కొద్దిగా గ్రీజు రాయాలి. ఆ గ్రీజు ఇరుసుకు అంటకూడదు.

ఉప్పునీటికి వెళ్ళిన ప్రతిసారీ కడగడం, నెలకొకసారి నూనె మార్చి తిరుగుడు పరీక్ష చేయడం, ఏడాదికొకసారి అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు రాకముందే మరలన్నీ చూసుకోవడం అనే క్రమం పెట్టుకుంటే చాలు. విప్పిన భాగాలను విప్పిన వరుసలోనే తెల్లగుడ్డ మీద పేర్చండి. ఆవగింజంత వాషరు పోయినా రీలు కుంటుతుంది. బేరింగులను సొంతంగా ఊడబెరకవద్దు.

చివరగా

నగరి నీటిని కలుపుకుని పూండి మీదుగా సాగే కుశస్థలి ఎన్నూరు వద్ద సముద్రాన్ని చేరుతుంది. పిచ్చాటూరు మీదుగా వచ్చే అరణియారు పులికాట్ సరస్సులో కలుస్తుంది. అంటే మనం గాలం వేసే నీరు మన ఊళ్ళ మీదుగా వచ్చిన నీరే. పులికాట్‌లో మత్స్యకారులు వంతుల ప్రకారం వల వేసుకునే 'పాడు' అనే కట్టుబాటు ఉంది. అక్కడ వారిని అడగకుండా గాలం వేయడం మర్యాద కాదు. తాగునీటి జలాశయాల వద్ద, కాలువల వద్ద అధికారుల అనుమతి లేకుండా దిగవద్దు. అన్నిటికీ మించి, తెగిన నైలాన్ దారాన్ని ఒడ్డున పారవేయవద్దు. అది ఏళ్ళ తరబడి కుళ్ళదు. సరస్సుకు వచ్చే కొంగల, రాజహంసల కాళ్ళకు ఉరి అవుతుంది. ముక్కలుగా కత్తిరించి ఇంటికి తెచ్చి చెత్తబుట్టలో వేయండి.

సెంటర్ పిన్ రీలు మనిషి చేయవలసిన పనిని యంత్రానికి అప్పగించదు. వేలితో ఆపాలి, చేతితో తిప్పాలి, ఇంటికి వచ్చి కడగాలి. ఆ మూడు పనులు చేసే ఓపిక ఉన్నవారి ఇంట అది రెండు తరాలు నిలుస్తుంది. ఇంటిలో పిల్లలుంటే కడిగే పని, సెకండ్లు లెక్కించి పుస్తకంలో రాసే పని వారికి అప్పగించండి. రీలుతో పాటు దానిని చూసుకునే పద్ధతి కూడా వారికి అందుతుంది.